స్వీయ చాట్ సర్వరు: స్వయంచాలిత స్థాపనకు వలయు అమరిక

ఒక సంస్థగాని, కళాశాలగాని, గ్రామ సమాజముగాని తన సభ్యుల సంభాషణను పరుల కంప్యూటరున కప్పగింపక, తన యధీనమందున్న యంత్రముపై నడుపుకొను సందేశ వ్యవస్థకు స్వీయ చాట్ సర్వరు అని పేరు. అట్టి సర్వరును ఒక నిపుణుడు తెఱ ముందు కూర్చుండి, ఒక్కొక్క ప్రశ్నకు సమాధాన మిచ్చుచు, ఒక్కొక్క మీట నొక్కుచు నిలువబెట్టుటకు మాఱుగా, కావలసిన నిర్ణయములన్నింటిని ముందే వ్రాతలో నుంచి, ఆ వ్రాతను చదివి యంత్రమే తనంతట తాను సర్వరును సిద్ధపఱచునట్లు చేయుట స్వయంచాలిత స్థాపన యనబడును. సర్వరునకు పేరేమి, సందేశము లెచట నిలువ యుండవలెను, తొలి నిర్వాహకు డెవడు, క్రొత్తవా రెట్లు ప్రవేశింతురు, రహస్యపదము లెవరి చేత నుండును అను నిర్ణయముల సముదాయమే యిచట అమరిక.

ఈ వ్యాసమున కడప జిల్లా యెఱ్ఱగుంట్ల మండలములోని చిలమకూరును ఊహాదృష్టాంతముగా గ్రహించితిమి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమల నడుమ, సున్నపురాతి నేలపై, సిమెంటు కర్మాగారమునకు ప్రసిద్ధమైన యీ యూరు, మహానగరముల దత్తాంశ కేంద్రములను మనసున నుంచుకొని వ్రాసిన సూత్రములు పల్లెపట్టున నెంతవఱకు చెల్లునో పరీక్షించుటకు తగిన తావు. వ్రాతలో పెట్టిన యాజ్ఞకు ఈ రేనాటి సీమలో నున్న ప్రాచీనత మఱియొక కారణము. దానిని వ్యాసాంతమున చూడగలము.

పూర్వరంగము

యంత్రముల ద్వారమున పలువురు కూడి మాటలాడు యత్నము 1973లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున, ప్లేటో అను బోధన వ్యవస్థపై నడచిన టాకోమాటిక్‌తో బయలుదేఱెను. 1988లో ఫిన్లండు దేశపు ఔలు విశ్వవిద్యాలయమున యార్కో ఓయికరినెన్ రచించిన ఐఆర్‌సీ, ఎవరి సర్వరును వారు నడుపుకొనుచునే యొండొంటితో కలుపుకొనవచ్చునను మర్యాదను లోకమునకు నేర్పెను. 1999లో జెరెమీ మిల్లర్ ప్రారంభించిన జాబర్, 2004లో ఎక్స్ఎంపీపీ అను పేర ఇంటర్నెట్ ప్రమాణ పత్రముల కెక్కెను. ఆ ప్రమాణము ననుసరించి 2002 నుండి ఎర్లాంగ్ భాషలో పెరిగిన ఈజాబర్డీ యను సర్వరే, నేడు కోట్ల జనుల చేతులలో మసలు వాట్సాప్‌నకు తొలి మూలకందము. 2014లో మేట్రిక్స్ అను క్రొత్త ప్రమాణము వెలువడెను. 2015లో మేటర్‌మోస్ట్, రాకెట్‌చాట్‌లు పుట్టెను. అంతకు మూడేండ్ల ముందే మొదలై డ్రాప్‌బాక్స్ సంస్థ చేతిలోనికి పోయిన జూలిప్ ఆ యేటనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా విడుదల యయ్యెను.

స్థాపన విద్య వేఱొక పాయగా పెరిగినది. ఓస్లో విశ్వవిద్యాలయమున మార్క్ బర్జెస్ 1993లో రచించిన సీఎఫ్‌ఇంజిన్, యంత్రమునకు చేయవలసిన పనులను వరుసగా చెప్పుటకంటె, తుదకు దానికుండవలసిన స్థితిని వర్ణించుట మేలను భావమునకు బీజము వేసెను. 2005లో పపెట్, 2012లో ఆన్సిబుల్ ఆ భావమును వ్యాపింపజేసెను. 2013లో వెలువడిన డాకర్, సర్వరును దానికి వలయు సామగ్రితో గూడ ఒకే కంటైనరులో కట్టి, ఏ యంత్రముపై విప్పినను ఒకే తీరున నడచునట్లు చేసెను. చాట్ సర్వరు స్థాపన స్వయంచాలితమగుట యీ రెండు పాయల సంగమఫలము.

తెలుగువారి యనుభవము

తెలుగువారి జాల సంభాషణకు యూనికోడు వ్యాపించుటకు ముందే చరిత్ర కలదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ అను లిప్యంతరీకరణ పద్ధతితో, రోమను అక్షరములలో తెలుగు వ్రాసికొనుచు ప్రవాసులు సాహిత్యచర్చలు నడపిరి. యాహూ సంస్థ గుంపులలో నడచిన రచ్చబండ, ఛందస్సు మొదలు నిఘంటువుల వఱకు పండితులును పామరులును కూడి చర్చించిన వేదిక. ఆ సంస్థ 2019లో గుంపులలోని పాత సందేశములను తొలగింప నిశ్చయించి, 2020 డిసెంబరు 15న సేవనే మూసివేసినది. ఊరి రచ్చబండ రాయి ఊరివారిదే. జాలములోని రచ్చబండకు మాత్రము రాయి పరులది. సంభాషణ మనదైనను, దాని నిలువ మనది కానప్పుడు దాని యాయువు మన చేతిలో నుండదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

స్వీయ సర్వరుల యుద్యమమునకు తెలుగునాట అనుకూలమైన భూమిక లేకపోలేదు. 2005లో హైదరాబాదున నేర్పడిన స్వేచ్ఛ యను సంస్థ, తెలుగు ఆపరేటింగ్ సిస్టమును నిర్మించుటతోబాటు కళాశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు భావమును ప్రచారము చేయుచు వచ్చినది. చిలమకూరు చుట్టుపట్లనే ఇడుపులపాయలో 2008లో వెలసిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణము, పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల, ప్రొద్దుటూరున యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజినీరింగు కళాశాల కలవు. ఇట్టి విద్య నభ్యసింపదగిన యువకులకు ఈ సీమలో కొదువ లేదు.

సర్వరు అంగములు

చాట్ సర్వరు ఒకే వస్తువుగా కనబడినను, దానియందు కనీసము నాలుగంగములు కలవు. సందేశములను స్వీకరించి పంచిపెట్టు ప్రధాన కార్యక్రమము మొదటిది. సందేశములను, సభ్యుల వివరములను భద్రపఱచు దత్తాంశ నిధి రెండవది. మేటర్‌మోస్ట్, జూలిప్, మేట్రిక్స్ సర్వరైన సినాప్స్ పోస్ట్‌గ్రెస్‌ను, రాకెట్‌చాట్ మోంగోడీబీని వాడును. ఫోటోలు, పత్రములు నిలువయుండు కొట్టు మూడవది. లోకమునకు ముఖమైన ద్వారపాలకుడు నాలుగవది. ఎంజినెక్స్ వంటి కార్యక్రమము బయటినుండి వచ్చు గుప్తలిఖిత సంబంధములను స్వీకరించి, లోపలి సర్వరునకు అందించుచుండును. జూలిప్‌నకు వీనికి తోడు ర్యాబిట్‌ఎంక్యూ, రెడిస్, మెమ్‌క్యాష్‌డీ యను సహాయకులు గూడ వలయును.

పరిమాణమును గూర్చి భయపడ నక్కఱలేదు. వేయిమంది లోపువారికి రెండు గిగాబైట్ల జ్ఞాపకము గల చిన్న యంత్రము చాలునని మేటర్‌మోస్ట్ నిర్మాతలు సూచింతురు. నూఱుమందికి మించినచో నాలుగు గిగాబైట్లు కావలెనని జూలిప్‌వారి మాట. మూడు షిఫ్టులలో నడచు ఒక కర్మాగారపు సిబ్బందికైనను, ఒక కళాశాలకైనను పాతబడిన యొక మేజాబల్ల కంప్యూటరు ఈ భారమును మోయగలదు.

అమరికకు మూడు తావులు

అమరిక నిలుచు తావులు మూడు. ఫైలు మొదటిది: మేటర్‌మోస్ట్‌నకు జేసన్ రూపమునను, సినాప్స్, ఈజాబర్డీలకు యామల్ రూపమునను, ప్రోసడీ యను మఱియొక ఎక్స్ఎంపీపీ సర్వరునకు లువా భాషలోను, జూలిప్‌నకు పైథాన్ భాషలోను ఈ ఫైళ్లుండును. రెండవది పరిసర చరములు, అనగా ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు: సర్వరు మేల్కొను వేళ దాని చెవిన వేయు మాటలవంటివి. మూడవది దత్తాంశ నిధి: నిర్వాహకుడు తెఱపై బొత్తాములు నొక్కి మార్చిన నిర్ణయములు రాకెట్‌చాట్ వంటి సర్వరులలో నిచటికే చేరును.

ఈ మూడింటిలో నొకదానితో నొకటి విభేదించినప్పుడు దేని మాట చెల్లును అనునది స్వయంచాలిత స్థాపనలో మొట్టమొదట తెలిసికొనవలసిన ధర్మము. మేటర్‌మోస్ట్‌లో ఎమ్ఎమ్ అను అక్షరములతో మొదలగు పరిసర చరము ఫైలులోని మాటను త్రోసిపుచ్చును. అంతేకాక, అట్లు నిర్ణయింపబడిన గడి నిర్వాహకుని తెఱపై వెలవెలబోయి, చేతితో మార్పరానిదగును. రాకెట్‌చాట్‌లో భేద మింకను సూక్ష్మము: ఒక అమరిక పేరునే చరముగా నిచ్చినచో అది తొలిసారి దత్తాంశ నిధి పుట్టునప్పటి విలువ మాత్రమే యగును, అదే పేరునకు ముందు ఓవర్‌రైట్ సెట్టింగ్ అను పదములను చేర్చినచో సర్వరు మేల్కొనిన ప్రతి పర్యాయము ఆ విలువయే నెగ్గును. ఈ భేద మెఱుగనివాడు వ్రాతలో నొకటి మార్చి, సర్వరున మఱియొకటి చూచి, లోప మెచట నున్నదో తెలియక దినములు వెళ్లబుచ్చును.

వ్రాతకు లొంగని నిర్ణయములు కొన్ని కలవు. సినాప్స్‌లో సర్వరు పేరు ఒకమాఱు నిర్ణయమైన పిదప మార్పరాదు, ఏలయన ఆ పేరు ప్రతి సభ్యుని చిరునామాలోను భాగమై, ఇతర సర్వరుల జ్ఞాపకములోనికి గూడ ప్రవేశించియుండును. దాని పోస్ట్‌గ్రెస్ నిధికి వర్ణక్రమము సీ అను సాదా పద్ధతిలో నుండవలెను. నిధి పుట్టునప్పుడే యిది తప్పినచో దిద్దుట ప్రయాస. రాకెట్‌చాట్‌నకు మోంగోడీబీ ఒక్క యంత్రముపైనే యున్నను, ప్రతికృతి సమితిగా నేర్పడియుండవలెను. ఇట్టివానిని వ్రాయుటకు ముందు ఆలోచించుటయే తరణోపాయము.

తొలి నిర్వాహకుడు

క్రొత్త సర్వరులలో ననేకము, తొలిసారి తలుపు తట్టినవానినే యజమానిగా నెంచి, ప్రశ్నావళి నతని ముందుంచును. యంత్రము తనంతట తాను సర్వరును నిలిపిన వేళ, యజమాని నిద్రించుచుండగా మఱియొకడు ఆ తలుపు తట్టినచో నగు ననర్థము ఊహింపదగినదే. అందుచే రాకెట్‌చాట్‌లో నిర్వాహకుని పేరు, ఈమెయిలు, రహస్యపదములను చరములుగా ముందే యిచ్చి, ప్రశ్నావళి ముగిసినదని వ్రాతలోనే ప్రకటింతురు. మేటర్‌మోస్ట్‌లో స్థానిక పద్ధతిని తెఱచి, ఎంఎంసీటీఎల్ అను పనిముట్టుతో యంత్రము లోపలినుండియే నిర్వాహకుని సృష్టింతురు. సినాప్స్‌లో సభ్యత్వ ద్వారమును జనులకు మూసి, ఒక ఉమ్మడి రహస్యము ద్వారా సభ్యులను చేర్చు పనిముట్టును నడుపుదురు. ఈజాబర్డీ, ప్రోసడీలకు వాని వాని యాజ్ఞాపంక్తి పనిముట్లే యీ పని చేయును. ఏ మార్గమైనను సూత్ర మొక్కటే: సర్వరు లోకమునకు కనబడుటకు ముందే దానికి యజమాని యుండవలెను.

రహస్యములు

అమరికను వ్రాతలో నుంచి గిట్ భాండాగారమున భద్రపఱచుట నేటి యాచారము. ఎవరెప్పు డేల మార్చిరో అందు జాడ నిలుచును. కాని దత్తాంశ నిధి రహస్యపదము, ఈమెయిలు సర్వరు రహస్యపదము, సినాప్స్ సంతకపు తాళము మొదలగువాని నదే వ్రాతలో కలుపుట, ఇంటి పత్రముతో తాళపుచెవిని కట్టి యిచ్చుటయే. గిట్ దేనిని మఱవని స్వభావము గలది కావున, ఒకమాఱు పడిన రహస్యమును తరువాత చెరిపినను పాత పొరలలో నది యుండనే యుండును. జూలిప్ నిర్మాతలు అమరికల ఫైలును, రహస్యముల ఫైలును మొదటినుండి వేఱుపఱచి యీ భేదమును నేర్పిరి. ఆన్సిబుల్ వాడువారు వాల్ట్ అను గుప్తపేటికను, డాకర్ వాడువారు రహస్యములకై నిర్దేశింపబడిన ఫైళ్లను ఆశ్రయింతురు. కావున స్థాపనపు వ్రాత రెండు భాగములుగా నుండుట యుచితము: పదిమంది చదువదగినది యొకటి, ఇద్దఱు మాత్రమే యెఱుగవలసినది మఱియొకటి. ఒక్కడే యెఱిగియుండుట యపాయకరము.

క్రమము, పునరుక్తి

యంత్రము వ్రాతను నడపునప్పుడు క్రమము ప్రధానము. దత్తాంశ నిధి మేల్కొనకముందే సర్వరు మేల్కొనినచో, నిధి కనబడక కూలును. నిధి కంటైనరు ప్రారంభమగుట వేఱు, ప్రశ్నలకు బదులు చెప్పగల స్థితికి వచ్చుట వేఱు. ఈ రెండవ స్థితికై వేచియుండు ఆరోగ్య పరీక్షను వ్రాతలో చేర్చవలెను. రెండవ ధర్మము: అదే వ్రాతను ఎన్నిమాఱులు నడిపినను ఫలితము ఒక్కటే కావలెను. నిర్వాహకుడు లేనిచో సృష్టింపవలెను, ఉన్నచో వదలివేయవలెను. అట్లు చేయనిచో రెండవ పర్యాయమున స్థాపనయే యాగిపోవును. మూడవ ధర్మము: సాఫ్ట్‌వేరు సంచిక నిర్దిష్టముగా పేర్కొనబడవలెను. తాజా సంచిక యని మాత్రము వ్రాసినచో, నేడు నడచిన వ్రాత మఱునా డేమి తెచ్చునో చెప్పరాదు. దత్తాంశ నిధి స్వరూపము క్రొత్త సంచికకు మాఱిన పిదప, పాత సంచికకు మరలుట తఱచుగా సాధ్యముకాదు.

ద్వారమున వచ్చు చిక్కులు

స్థాపనలో మిక్కిలి తఱచైన పొరపాట్లు ద్వారపాలకుని యొద్దనే పుట్టును. మేటర్‌మోస్ట్, రాకెట్‌చాట్ వంటివానికి ప్రాణము వెబ్‌సాకెట్ అను నిరంతర సంబంధము. ఎంజినెక్స్‌నకు దాని నందింపుమని ప్రత్యేకముగా చెప్పనిచో, పుట తెఱచుకొనును, సందేశము పోవును, కాని యవతలివాని తెఱపై నది తనంతట తాను కనబడదు. అఱువది సెకనుల మౌనమునకు సంబంధమును త్రెంచుట, ఒక మెగాబైటు మించిన ఫైలును నిరాకరించుట ఎంజినెక్స్ సహజ స్వభావములు. ఫోనులో తీసిన యొక ఫోటో ఆ మేరను సులభముగా దాటును. 2015 చివర జనులకందిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత ధ్రువపత్రములకు తొంబది దినముల యాయువు గలదు. వాని పునరుద్ధరణము గూడ వ్రాతలో భాగము కానిచో, మూడు నెలల పిదప నొక యుదయమున ఊరంతటికి తలుపు మూతపడును.

పల్లెపట్టున మఱియొక చిక్కు కలదు. గృహములకు వచ్చు ఇంటర్నెట్ సంబంధములకు పెక్కింటికి ప్రత్యేక చిరునామా యుండక, అనేక గృహములు ఒకే బయటి చిరునామాను పంచుకొనును. అట్టిచోట బయటివారు లోని సర్వరును చేరలేరు. అప్పుడు ధ్రువపత్రమును డొమైను పేరుల పట్టిక ద్వారా పొందు మార్గము నవలంబించి, బయట నద్దెకు తీసికొనిన చిన్న యంత్రమునుండి సొరంగ మొకటి త్రవ్వి లోపలికి తెచ్చుకొనవలెను. లేదా సర్వరును కర్మాగారపు ప్రాకారము లోపలికే పరిమితము చేయవలెను. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతులమీదుగా ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వంటి యేర్పాట్లు తీగను పల్లెలకు చేర్చినవి. తీగ వచ్చినంతమాత్రమున సర్వరునకు చిరునామా వచ్చినట్లు కాదు.

తెలుగు అక్షరముల మాట

1991లో వెలువడిన యూనికోడు తొలి సంచికలోనే తెలుగునకు స్థానము దొరకినది. నేడు సర్వత్ర వాడబడు యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును: చిలమకూరు అను పేరును తెలుగున వ్రాసిన ఎనిమిది సంకేతములై ఇరువదినాలుగు బైట్లగును, ఆంగ్లమున పదునొకండు బైట్లతో ముగియును. నిలువకు ఇది భారము కాదు, వెదకుటలోనే కష్టము. చిలమకూరులో, చిలమకూరునుండి, చిలమకూరువారు అను రూపములు మన చెవికి ఒకే యూరైనను, యంత్రమునకు మూడు వేఱు పదములు. ఆంగ్లమునకై యేర్పడిన వెదకు యంత్రాంగము విభక్తులను వేఱుచేయలేదు. కావున పదాది సామ్యముతో వెదకు సౌకర్యము గల సర్వరు తెలుగువారికి మేలు. సభ్యుల లోపలి పేర్లకు మేటర్‌మోస్ట్, మేట్రిక్స్‌లు రోమను అక్షరములనే యంగీకరించును; తెఱపై కనబడు పేరు మాత్రము తెలుగున నుండవచ్చును. యంత్రముచే సభ్యులను మూకుమ్మడిగా చేర్పించు వ్రాతలో ఈ రెండు పేర్లును వేర్వేఱు గళ్లుగా నుంచవలెను.

నిలువ, పునరుద్ధరణ

స్వీయ సర్వరు నడుపువాడు స్వేచ్ఛతోబాటు బాధ్యతను గూడ కొనుచున్నాడు. దత్తాంశ నిధి, ఫైళ్ల కొట్టు, రహస్యములు అను మూడింటికిని ప్రతులు తీసి, ఆ ప్రతులను వేఱొక యూర నుంచవలెను. అమరిక వ్రాతలో నున్నందున సర్వరు యంత్రము నశించినను భయము లేదు; క్రొత్త యంత్రముపై వ్రాతను నడిపి, ప్రతులను పోసినచో పాత సంభాషణ మరల లేచి నిలుచును. ఈ పరీక్షను ఆపదకు ముందే యొకమాఱు చేసి చూడనివాని ప్రతులు ప్రతులు కావు, నమ్మకములు మాత్రమే. రేనాటి వేసవి తాపమునకు, విద్యుత్తు విరామమునకు యంత్రము తట్టుకొనునట్లు యూపీఎస్, గాలి యేర్పాటు అవసరము. కరెంటు వచ్చిన వెంటనే మనిషి ప్రమేయము లేక సర్వరు తనంత తాను మేల్కొనుట యిచట సౌకర్యము గాదు, ఆవశ్యకము.

చట్టపు బాధ్యతలును కలవు. భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న నిచ్చిన యాదేశముల ప్రకారము, వాని పరిధిలోనికి వచ్చు సంస్థలు యంత్రపు దినచర్య పట్టికలను 180 దినములు భద్రపఱచి, భద్రతా భంగమును ఆఱు గంటలలో తెలుపవలెను. 2023 నాటి వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము సభ్యుల వివరములపై మఱికొన్ని కర్తవ్యములను విధించినది. పట్టికల కాలావధిని గూడ అమరికలోనే వ్రాసియుంచినచో, ఈ పాలన మఱపునకు లోనుగాదు.

స్వాతంత్ర్యమున కొక మేర కలదనుట సత్యము. సందేశము వచ్చినదని ఫోనును మేల్కొలుపు గంట, సామాన్యముగా ఆపిల్, గూగుల్ సంస్థల సర్వరుల మీదుగానే మ్రోగును. ఆ గంటలో సందేశ పాఠమును చేర్పక, వచ్చినదన్న వార్తను మాత్రమే పంపునట్లు అమర్చుకొనుట వివేకము.

రేనాటి శాసనములు

చిలమకూరున్న యెఱ్ఱగుంట్ల మండలములోనే కలమళ్ల కలదు. అచటి చెన్నకేశవాలయ ప్రాంగణమున లభించిన రేనాటి చోళుడగు ధనంజయుని శాసనమును, క్రీస్తుశకము 575 ప్రాంతమునదిగా నెంచి, తెలుగు భాషలో లభించిన తొలి శాసనముగా పండితులు పరిగణింతురు. చిలమకూరులోను రేనాటి చోళుల నాటి శాసనము దొరకినది. రాజు నోటిమాట రాజుతోనే పోవును. రాతిపై నెక్కిన మాట, దానిని చెక్కినవాని నెఱుగని తరమువారికి గూడ నియమమై నిలుచును. స్వయంచాలిత స్థాపన చేయు పనియు నిదియే: నిపుణుని జ్ఞాపకములో నున్న సర్వరును, అతడు లేనినాడును చదువదగిన యాజ్ఞగా మార్చుట. అయినను కలమళ్ల రాతిపై కొన్ని యక్షరములు శిథిలమైనవి. వ్రాసినంత మాత్రమున చాలదు గనుకనే శాసన పరిశోధకులు రాళ్లపై తడి కాగితము పఱచి, అక్షరములకు అచ్చులు తీసి వేఱుచోట భద్రపఱతురు. చిలమకూరున చాట్ సర్వరును నిలుపబూను యువకునకు ఆ యచ్చులు తీయు పనియే తొలి పాఠము: వ్రాయుము, ప్రతి తీయుము, ఆ ప్రతిని మఱియొక యూర నుంచుము.